ఇచ్చిన యాక్సెస్ వెనక్కి వస్తుందా? కొలాబరేషన్ సాఫ్ట్‌వేర్‌లో పర్మిషన్ల డిజైన్

ఒక ఉద్యోగి రాజీనామా చేశాడు. ఆఖరి రోజు సాయంత్రం ఆరింటికి ఐటీ విభాగం అతని లాగిన్ ఆపేసింది. చెక్‌లిస్టులో టిక్కు పడింది. కానీ ఏడాది కిందట అతను ఒక కన్సల్టెంట్‌కు పంపిన షేరింగ్ లింకు ఇంకా తెరుచుకుంటూనే ఉంది. అతని పేరు మీద తీసుకున్న టోకెన్‌తో (పాస్‌వర్డు బదులు ప్రోగ్రాంలు వాడే డిజిటల్ తాళంచెవి) నడిచే బాట్ అనే చిన్న ప్రోగ్రాం రోజూ పొద్దున్నే అమ్మకాల లెక్కలను ఛానెల్లో పోస్టు చేస్తూనే ఉంది. అతను పిలిచిన ముగ్గురు గెస్టులు ప్రాజెక్టు స్పేస్‌లో అలాగే ఉన్నారు. వాళ్లెవరో, ఎందుకు ఉన్నారో చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి వెళ్లిపోయాడు.

ఇక్కడ హ్యాకింగ్ ఏమీ జరగలేదు. ప్రతి అనుమతీ అప్పట్లో అవసరం ఉండి, సక్రమంగా ఇచ్చిందే. ఇవ్వడానికి రెండు క్లిక్కులు చాలాయి. తీసేయాల్సి వచ్చేసరికి మాత్రం ఎక్కడెక్కడ ఏమేం ఇచ్చారో చూపించే తెర ఒక్కటీ లేదు. డాక్యుమెంట్లు, చాట్ ఛానెళ్లు, టాస్క్ బోర్డులు ఒకేచోట ఉండే కొలాబరేషన్ సాఫ్ట్‌వేర్‌లో పర్మిషన్ల డిజైన్ ఎక్కువగా బోల్తా పడేది ఈ మలుపులోనే. డిజైన్ సమీక్షల్లో చర్చంతా ఎవరికి ఏం ఇవ్వాలన్నదాని చుట్టూ తిరుగుతుంది. ఫలానా వ్యక్తికి ఈ ఫైలు ఎందుకు కనిపిస్తోంది, రేపు అతను లేకపోతే అతని ద్వారా పుట్టిన అనుమతులన్నీ ఏమవుతాయి అనే రెండు ప్రశ్నలు బల్ల మీదకు రావడం అరుదు. వీటికి జవాబు చెప్పలేని సిస్టమ్‌లో, ఎవరి పనికి ఏ హక్కులో చెప్పే రోల్స్ పట్టికను ఎంత ముచ్చటగా గీసినా ఒరిగేది తక్కువ.

అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వోచర్ ఎవరు రాయాలో, ఎవరు ఆమోదించాలో ముందే తెలుసు. అడ్మిన్ ఒకసారి కూర్చుని సెట్ చేస్తే నెలల తరబడి మార్చనక్కర్లేదు. కొలాబరేషన్ టూల్ అలా కాదు. ఇక్కడ ప్రతి ఉద్యోగీ చిన్నపాటి అడ్మినే. ఛానెల్ తెరిచేది తనే, మనుషుల్ని చేర్చేది తనే, ఫైలు బయటికి పంపేది తనే. ఆ స్వేచ్ఛ తీసేస్తే జనం ఆ టూల్ వాడటం మానేసి ఫైళ్లను సొంత ఈమెయిల్లో పంపుకుంటారు. అప్పుడు అసలేమీ కనిపించదు. కాబట్టి అందరి చేతుల్లోకీ అనుమతులు ఇచ్చే అధికారం పెట్టక తప్పదు. పెట్టాక ఆ అనుమతుల జాడ పోకుండా చూసుకోవడమే డిజైనర్ ముందున్న పని.

వెయ్యి కోట్ల గళ్లు

1971లో కంప్యూటర్ శాస్త్రవేత్త బట్లర్ లాంప్సన్ ఈ సమస్యనంతా ఒక పట్టికగా చూపించాడు. అడ్డువరుసల్లో అడిగేవాళ్లు, నిలువువరుసల్లో వస్తువులు. రెండూ కలిసే గడిలో చదవడం, రాయడం లాంటి హక్కులు. ఆలోచించడానికి ఇంతకంటే సులువైన బొమ్మ ఇప్పటికీ లేదు. నిల్వ చేయడానికి మాత్రం పనికిరాదు. 5,000 మంది ఉద్యోగులు, 20 లక్షల డాక్యుమెంట్లు ఉన్న సంస్థలో ఆ పట్టికకు 1,000 కోట్ల గళ్లు అవుతాయి, అందులో దాదాపు అన్నీ ఖాళీయే. అందుకే ఆచరణలో పట్టికను రెండు విధాలుగా కోస్తారు.

నిలువుగా కోస్తే ప్రతి డాక్యుమెంటుకూ దాన్ని చూడగలిగినవారి జాబితా అంటుకుని ఉంటుంది. అడ్డంగా కోస్తే ప్రతి వ్యక్తి దగ్గరా అతను తెరవగలిగిన వాటి తాళంచెవుల గుత్తి ఉంటుంది. డాక్యుమెంటు తెరిచిన ప్రతిసారీ "ఈయన పేరు జాబితాలో ఉందా?" అని చూస్తే చాలు కాబట్టి ఎక్కువ ఉత్పత్తులు మొదటి పద్ధతినే ఎంచుకుంటాయి. వేగం దృష్ట్యా అది సబబే. అయితే వెళ్లిపోయే ఉద్యోగి విషయంలో కావలసింది రెండో కోత. ఆ మనిషి చేతిలో ఏమేం ఉన్నాయో తెలియాలి. నిలువు జాబితాలు మాత్రమే ఉన్న డేటాబేస్‌ను ఈ ప్రశ్న అడిగితే 20 లక్షల డాక్యుమెంట్లనూ తడిమి రావాలి. అందుకే చాలా టూల్స్‌లో ఆ ప్రశ్న అడిగే బటనే ఉండదు. రెండు వైపుల నుంచీ వెతికేందుకు ఇండెక్సులు (పుస్తకం చివరి సూచికలాంటివి) మొదటి రోజే వేసుకోవాలి. రెండేళ్ల తర్వాత వేయబోతే డేటా మొత్తాన్నీ తిరగతోడాల్సి వస్తుంది.

అడ్మిన్ అంటే ఎవరు?

గళ్లను ఒక్కొక్కటిగా నింపే శ్రమ తప్పించడానికి వచ్చిందే రోల్. 1992లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో పనిచేసే డేవిడ్ ఫెరాయిలో, రిచర్డ్ కూన్ ఈ పద్ధతికి పద్ధతైన రూపం ఇచ్చారు, 2004లో అది అమెరికా జాతీయ ప్రమాణమైంది. అనుమతిని మనిషికి కాకుండా అతను చేసే పనికి కట్టడం దాని సారం. గ్రూపు, రోల్ ఒకటేనని చాలామంది పొరబడతారు. గ్రూపు కొందరు మనుషుల మూట, రోల్ కొన్ని అనుమతుల మూట. ఒకే టేబుల్లో ఈ రెంటినీ కలిపేసిన ఉత్పత్తుల్లో కొన్నాళ్లకు "ఫైనాన్స్-ఎడిటర్-తాత్కాలికం-2" లాంటి పేర్లు మొలుస్తాయి. ఎందుకు పుట్టిందో ఎవరికీ గుర్తుండదు, తీసేయడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

మొదట ఎన్ని రోల్స్ ఉండాలన్నదానికి సూత్రమేమీ లేదు కానీ, ఎవరికి ఏది ఇవ్వాలో మేనేజరు పేరు చూసి చెప్పగలగాలి. ప్రోగ్రాంల కోడ్ దాచి పంచుకునే గిట్‌హబ్‌లో రిపాజిటరీలకు (ఒక్కో ప్రాజెక్టు కోడ్ ఉండే చోట్లకు) ఐదు మెట్లు ఉన్నాయి: రీడ్, ట్రయాజ్, రైట్, మెయింటెయిన్, అడ్మిన్. వీటిలో ట్రయాజ్ గమనించదగ్గది. కోడ్ జోలికి పోకుండా, వచ్చిన ఫిర్యాదులను వర్గీకరించి సర్దే పని ఒకటి నిజంగా ఉంది, దానికి మనుషులూ ఉన్నారు. ఆ పనిని చూసి పుట్టిన మెట్టు అది. సమావేశ గదిలో కూర్చుని పట్టిక నింపుతూ పోతే ఇలాంటి మెట్టు తట్టదు.

కోడ్ రాసేవారు ఇక్కడ ఒక జాగ్రత్త తీసుకోవాలి. ప్రోగ్రాంలో ఎక్కడా "ఈ వ్యక్తి అడ్మినా?" అని అడగకూడదు. "ఈ వ్యక్తి ఈ ఛానెల్‌ను మూసేయవచ్చా?" అని అడగాలి. మొదటి ప్రశ్న కోడ్‌లో నాలుగు వందల చోట్ల చేరిపోయాక, ఒక పెద్ద కస్టమర్ వచ్చి "మా హెల్ప్‌డెస్క్ వాళ్లు పాస్‌వర్డులు రీసెట్ చేయాలి కానీ ఛానెళ్లు మూయకూడదు" అంటే ఆ నాలుగు వందల చోట్లా చేయి పెట్టాల్సిందే. రెండో ప్రశ్న అడిగి ఉంటే ఆ కోరిక ఒక కొత్త రోల్‌తో తీరిపోతుంది.

అడ్మిన్ అనే మాటే అసలు ప్రమాదకరం. మనుషుల్ని చేర్చడం, తీసేయడం ఒక అధికారం. బిల్లింగ్ మరొకటి. భద్రతా సెట్టింగులు ఇంకొకటి. ప్రైవేటు ఛానెళ్లలోని సంభాషణలు చదవడం వీటన్నిటికీ దూరంగా ఉండాల్సిన నాలుగో అధికారం. వినియోగదారులను చేర్చే అడ్మిన్‌కు హెచ్‌ఆర్ ఛానెల్లో ఏం రాసుకుంటున్నారో కనిపించాల్సిన పనిలేదు. చట్టపరమైన విచారణ కోసం చదవక తప్పనప్పుడు ఇద్దరు ఆమోదించాలి, గడువు ఉండాలి, చదివినట్టు రికార్డు మిగలాలి. 2020 జులైలో ట్విట్టర్ ఉద్యోగులను ఫోన్లో బురిడీ కొట్టించిన దుండగులు లోపలి అడ్మిన్ టూల్‌లోకి దూరి 130 ఖాతాలను లక్ష్యం చేసుకున్నారు. ప్రముఖుల పేర్ల మీద బిట్‌కాయిన్ మోసం పోస్టులు వెలువడ్డాయి. ఒక్క టూల్‌లో అంత బలం పోగుపడితే దాన్ని వాడే ప్రతి ఉద్యోగీ ఒక గుమ్మమే.

ఫైలు ఇంకో ఫోల్డర్‌లోకి మారినప్పుడు

పట్టికను కుదించే మరో ఉపాయం సంక్రమణ. ఫోల్డర్‌కు ఇచ్చిన అనుమతి లోపలున్నవాటికీ వర్తిస్తుంది. వినడానికి ఇంత సహజమైనది మరొకటి లేదు, గందరగోళం ఎక్కువగా పుట్టేదీ దీనివల్లే.

ఒక సందర్భం చూద్దాం. "ఉత్పత్తి" అనే ఫోల్డర్‌ను "డిజైన్ టీమ్" గ్రూపు చూడగలదు. ఆ గ్రూపులోకి ఆర్నెల్ల కిందట ఎవరో "కాంట్రాక్టర్లు" అనే ఇంకో గ్రూపును చేర్చారు, ఒక పెద్ద పని హడావిడిలో. ఇప్పుడు ఒక మేనేజరు తన సొంత ఫోల్డర్‌లోని "వచ్చే ఏడాది జీతాల అంచనా" షీటును, ప్లాన్లన్నీ ఒకచోట ఉంటే బాగుంటుందని, "ఉత్పత్తి"లోకి లాగి వదిలాడు. ఆ క్షణం నుంచి కాంట్రాక్టర్లందరికీ ఉద్యోగుల జీతాలు కనిపిస్తాయి. తప్పెవరిది? గ్రూపును చేర్చినవాడికి షీటు సంగతి తెలియదు. షీటును మార్చినవాడికి గ్రూపు సంగతి తెలియదు. రెండూ తెలిసింది సాఫ్ట్‌వేర్‌కు ఒక్కదానికే, అదేమో నోరు మెదపలేదు. లాగి వదిలే ముందు ఒక్క వాక్యం చూపిస్తే సరిపోయేది: "ఇక్కడికి మారిస్తే కొత్తగా 43 మంది ఈ ఫైలు చూడగలుగుతారు, వారిలో 12 మంది సంస్థ బయటివారు." "ఖచ్చితంగా మార్చాలా?" అనే పెట్టెకు ఎవరైనా కళ్లు మూసుకుని అవుననేస్తారు. అంకెలు కనిపిస్తే వేలు ఆగుతుంది.

ఇలాంటి గొలుసులను లెక్కగట్టడానికి ఈమధ్య ఎక్కువగా వాడుతున్నది సంబంధాల ఆధారిత పద్ధతి. 2019లో గూగుల్ తన జాంజిబార్ వ్యవస్థ గురించి పత్రం ప్రచురించాక ఇది ప్రచారంలోకి వచ్చింది. "ఈ షీటు ఆ ఫోల్డర్లో ఉంది", "ఆ ఫోల్డర్‌కు ఈ గ్రూపు సభ్యులు వ్యూయర్లు", "ఆ గ్రూపులో ఈ గ్రూపు ఉంది" అనే చిన్న చిన్న వాస్తవాలుగా అన్నిటినీ రాసుకుని, అడిగినప్పుడు ఒక దారి దొరుకుతుందేమో వెతుకుతారు. దారి దొరికితే అనుమతి ఉన్నట్టు. ఆ పత్రం ప్రకారం లక్షల కోట్ల జాబితాలు, సెకనుకు లక్షలాది ప్రశ్నలు ఉన్నా 95 శాతం జవాబులు 10 మిల్లీసెకన్లలోపే వచ్చాయి. మామూలు సంస్థకు అంత భారం ఉండదు. ఈ పద్ధతిలో అసలు లాభం వేగం కంటే వివరణ. దొరికిన దారినే తెర మీద పెడితే "ఎందుకు కనిపిస్తోంది?" అన్నదానికి జవాబు తయారైనట్టే.

అదే పత్రంలో "కొత్త శత్రువు" అనే చిక్కు గురించి ఉంది. ఒకరిని ఫోల్డర్ నుంచి తీసేశారు. వెంటనే సహోద్యోగికి చెప్పి అందులో కొత్త డాక్యుమెంట్లు పెట్టించారు. అనుమతుల నకళ్లు పలు సర్వర్లలో ఉన్నాయి, ఒక సర్వర్‌కు తీసివేత కబురు ఇంకా చేరలేదు. తీసేసిన వ్యక్తి అడిగితే ఆ సర్వర్ పాత జాబితా చూసి కొత్త డాక్యుమెంట్లు తెరిచేస్తుంది. పాతవి చూస్తే చూశాడు, అవి ఎలాగూ అతను చూసినవే. తీసేశాక పెట్టినవి కనిపించడమే ద్రోహం. కంటెంట్ మారిన ప్రతిసారీ ఒక కాలముద్రను దానితోపాటే దాచి, కనీసం ఆ ముద్రనాటి జాబితాతోనే తనిఖీ చేయమని అడగడం జాంజిబార్ చెప్పిన పరిష్కారం. చిన్న ఉత్పత్తుల్లో దీనికి సమానమైన నియమం: ఇచ్చిన అనుమతి అమలులోకి రావడానికి నిమిషం పట్టినా పర్వాలేదు, తీసేసినది వెంటనే అమలు కావాలి. కాష్ (వేగం కోసం దాచుకునే తాత్కాలిక నకలు) గడువును రెంటికీ ఒకేలా పెట్టేయడం అలవాటుగా జరిగే పొరపాటు.

ఇక "వీరికి మాత్రం వద్దు" అనే నిషేధ నియమాలు. విండోస్ ఫైల్ సిస్టమ్‌లో ఫైలుకు నేరుగా ఇచ్చిన అనుమతి, పై ఫోల్డర్ నుంచి సంక్రమించిన నిషేధాన్ని దాటిపోతుంది. అమెజాన్ క్లౌడ్‌లో స్పష్టంగా రాసిన నిషేధం ఎక్కడున్నా దానిదే పైచేయి. ఒకే మాటకు రెండు సిస్టమ్‌లలో రెండు అర్థాలు. నిపుణులే తడబడే చోట మామూలు ఉద్యోగి నెగ్గుకురాలేడు. ఫోల్డర్ల స్థాయిలో నిషేధం అనే సౌకర్యమే ఇవ్వకపోవడం మేలు. ఇవ్వనిది ఉండదు, అంతే. "బయటివారితో ఏదీ షేర్ చేయకూడదు" లాంటి సంస్థ స్థాయి కట్టుబాట్లకు మాత్రం నిషేధం అవసరం, అక్కడ దానికి మినహాయింపులు ఉండకూడదు.

లోపలి ఫోల్డర్‌కు సంక్రమణ తెంచి విడి జాబితా పెట్టుకోవడాన్నీ ఆచితూచి అనుమతించాలి. మైక్రోసాఫ్ట్ డాక్యుమెంట్ల టూల్ షేర్‌పాయింట్‌లో ఒక లైబ్రరీలో (ఫైళ్లు దాచే చోటులో) ఇలాంటి విడి అనుమతులకు 50,000 గరిష్ఠ పరిమితి ఉంది, 5,000 దాటనివ్వవద్దని మైక్రోసాఫ్ట్ సలహా. ఆ సంఖ్యకు చాలా ముందే అక్కడ ఎవరు ఏం చూడగలరో మనిషి బుర్రకు అందడం ఆగిపోతుంది.

తలుపు తాళంచెవి లాంటి లింకు

"లింకు ఉన్న ఎవరైనా" అనే షేరింగ్ లాంప్సన్ పట్టికలో అడ్డకోత కిందికి వస్తుంది. పేరు అడగదు, తాళంచెవి తెస్తే చాలు. తాళంచెవికి నకళ్లు తీయవచ్చు. చాట్‌లో అతికించవచ్చు, ఈమెయిల్ ఫార్వర్డు కావచ్చు. ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో ఇచ్చినవాడికే తెలియదు.

2023 సెప్టెంబరులో విజ్ అనే భద్రతా సంస్థ బయటపెట్టిన ఉదంతం దీనికి పాఠ్యపుస్తకంలాంటిది. మైక్రోసాఫ్ట్‌లోని కృత్రిమ మేధ పరిశోధకులు శిక్షణ డేటా పంచుకోవడానికి గిట్‌హబ్‌లో ఒక స్టోరేజీ లింకు పెట్టారు. ఆ లింకు ఉద్దేశించిన ఫైళ్లకే కాకుండా మొత్తం స్టోరేజీ ఖాతాకు తెరుచుకుంది. చూడటానికే కాకుండా మార్చడానికి, చెరపడానికి కూడా. అందులో 38 టెరాబైట్ల లోపలి డేటా ఉంది. ఇద్దరు ఉద్యోగుల కంప్యూటర్ల బ్యాకప్‌లు, 30,000కు పైగా టీమ్స్ చాట్ సందేశాలు దానిలో భాగం. లింకు గడువు 2021 అక్టోబరులో తీరిపోవాల్సింది. తీరిన మర్నాడే దాన్ని 2051 దాకా పొడిగించారు. ఏం ఇస్తున్నాం, ఎంత మేర, ఎన్నాళ్లకు అన్న మూడు ప్రశ్నల్లోనూ అవసరానికి మించిన జవాబే ఎంచుకున్నారు. ఎంచుకునేటప్పుడు టూల్ ఎక్కడా అడ్డుపడలేదు.

కాబట్టి లింకు డిఫాల్ట్‌గా పేరున్నవారికే తెరుచుకోవాలి, చూడటానికే తెరుచుకోవాలి, గడువుతో పుట్టాలి. బహిరంగ లింకు కావాలంటే ఇంకో అడుగు వేయాలి. ప్రతి లింకునూ ఎవరు పుట్టించారు, చివరిసారి ఎప్పుడు వాడారు అన్నది నమోదై, ఒక్కచోట నుంచి చంపగలిగేలా ఉండాలి. గెస్టులకూ ఇదే వర్తిస్తుంది, దానికి తోడు ప్రతి గెస్టుకూ లోపలి ఉద్యోగి ఒకరు పూచీగా ఉండాలి. ఆ పూచీదారు వెళ్లిపోతే పూచీ ఇంకొకరి మీదకు బదిలీ కావాలి, ఎవరూ తీసుకోకపోతే గెస్టు ఖాతా ఆగిపోవాలి. ఛానెల్లో గెస్టు ఉన్నప్పుడు సందేశం టైపు చేసే పెట్టె పక్కనే ఆ సంగతి కనిపించాలి. సెట్టింగుల్లో నాలుగో పేజీలో ఉంటే ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

పెరటి గుమ్మాలు

డాక్యుమెంటు తెరిచేచోట తనిఖీ పెట్టడం అందరూ గుర్తుంచుకుంటారు. సెర్చ్ ఫలితాల్లో? నోటిఫికేషన్లో? పేరు సగం టైపు చేయగానే పూర్తిచేసే సూచనల్లో? చాట్‌లో లింకు అతికిస్తే కింద వచ్చే ప్రివ్యూలో? వారం వారం వెళ్లే సారాంశం ఈమెయిల్లో? ఎక్స్‌పోర్టులో? "రెండో విడత ఉద్యోగుల తొలగింపు" అనే ప్రైవేటు ఛానెల్ పేరు సూచనల్లో కనిపిస్తే చాలు, లోపలి సందేశాలు ఎవరూ చదవనక్కర్లేదు. గిట్‌హబ్‌లో అనుమతి లేని ప్రైవేటు రిపాజిటరీ అడిగితే "మీకు అనుమతి లేదు" అని రాదు, అసలు అలాంటిదే లేదన్నట్టు 404 (పేజీ దొరకలేదు) అని వస్తుంది. ఉందని చెప్పడమూ సమాచారమేనని అక్కడ గ్రహించారు.

వెబ్ భద్రతా లోపాల మీద ఓవాస్ప్ అనే లాభాపేక్షలేని సంస్థ వేసే పదింటి జాబితాలో 2017లో ఐదో స్థానంలో ఉన్న యాక్సెస్ తనిఖీ లోపాలు 2021కి మొదటి స్థానానికి చేరాయి. తెర మీద బటన్ దాచేసి, సర్వర్లో తనిఖీ మరిచిపోవడం వీటిలో బాగా తెలిసిన రకం. బటన్ దాచడం మర్యాద మాత్రమే, కాపలా సర్వర్లోనే ఉండాలి. కంప్యూటర్ శాస్త్రవేత్తలు జెరోమ్ సాల్ట్‌జర్, మైఖేల్ ష్రోడర్ 1975లోనే ప్రతి వస్తువు మీద ప్రతి ప్రయత్నాన్నీ తనిఖీ చేయాలని రాశారు. డజను చోట్ల డజను మంది రాసిన తనిఖీలు ఒకేలా ఉండవు కాబట్టి అన్నీ ఒకే సర్వీసును అడిగేలా కట్టడం తప్ప దారి లేదు.

బాట్లు, కృత్రిమ మేధ సహాయకులు ఈ గుమ్మాలకు కొత్తగా చేరాయి. వీటి చిక్కు మాత్రం పాతదే. 1988లో ప్రోగ్రామర్ నార్మ్ హార్డీ ఒక కంపైలర్ (రాసిన కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రాం) కథ చెప్పాడు. తన వాడకం లెక్కలు రాసుకోవడానికి ఆ కంపైలర్‌కు ఒక సిస్టమ్ డైరెక్టరీలో రాసే హక్కు ఉంది. అదే డైరెక్టరీలో బిల్లుల ఫైలూ ఉంది. ఒక వినియోగదారుడు తన డీబగ్ (తప్పులు వెతికే) సమాచారం ఏ ఫైలులో పెట్టాలో చెబుతూ ఆ బిల్లుల ఫైలు పేరు ఇచ్చాడు. వినియోగదారుడికి అందులో రాసే హక్కు లేదు, కంపైలర్‌కు ఉంది. అది కాస్తా తన హక్కుతో రాసేసింది, బిల్లులు పోయాయి. ఎవరి తరఫున పనిచేస్తోందో, ఎవరి అధికారంతో చేస్తోందో తేడా తెలియని ఈ గుమాస్తా ఇప్పుడు ప్రతి ఛానెల్లోనూ కూర్చుంది. సంస్థ మొత్తం చదవగల ఖాతాతో నడిచే సహాయకుడిని ఒక కొత్త ఉద్యోగి "మన జీతాల శ్రేణులు చెప్పు" అని అడిగితే అది చెప్పేస్తుంది. సహాయకుడి ప్రతి చదువూ అడిగినవారి అనుమతులతోనే జరగాలి. అలా కట్టినా ఇంకో సంగతి బయటపడుతుంది: అందరికీ తెరిచి ఉన్నా ఎవరికీ జాడ తెలియక ఇన్నాళ్లూ క్షేమంగా ఉన్న ఫైళ్లు ఒక్కసారిగా దొరకడం మొదలవుతాయి. తప్పు సహాయకుడిది కాదు, ఏళ్ల కిందటి షేరింగులది.

సాఫ్ట్‌వేర్ తనిఖీలన్నీ సరిగ్గా ఉన్నా నకలు వాటిని దాటిపోతుంది. కెనడాలోని దేజార్డెన్ అనే ఆర్థిక సంస్థలో సుమారు 97 లక్షల మంది వివరాలు బయటికి పొక్కడంపై ఆ దేశ గోప్యతా కమిషనర్ 2020లో ఇచ్చిన నివేదిక ఈ విషయంలో చదవదగ్గది. గోప్యమైన డేటా ఉన్న గిడ్డంగికి అనుమతులు పరిమితంగానే ఉన్నాయి. మార్కెటింగ్ విభాగంలో అనుమతి ఉన్నవారు తమ పని సౌలభ్యం కోసం దాన్ని ఉమ్మడి డ్రైవ్‌లోకి నకలు చేసుకునేవారు. ఆ గోప్యమైన డేటాను నేరుగా తెరిచే హక్కు లేని ఉద్యోగి అక్కడి నుంచి తీసుకున్నాడు, కనీసం 26 నెలల పాటు. గిడ్డంగికి కట్టిన గోడ ఎత్తుగానే ఉంది, సరుకు మాత్రం గోడ బయట ఆరబెట్టి ఉంది.

మారేవారి సంగతి

కొత్తగా చేరినవారికి యాక్సెస్ రాకపోతే వాళ్లే అడుగుతారు. వెళ్లిపోయినవారి గురించి కనీసం చెక్‌లిస్టు ఉంటుంది. విభాగం మారినవారి గురించి ఎవరూ పట్టించుకోరు. కొత్త విభాగం అనుమతులు చేరతాయి, పాతవి ఉండిపోతాయి. పదేళ్లలో నాలుగు విభాగాలు మారిన ఉద్యోగి చేతిలో ఏ డైరెక్టరు దగ్గరా లేనన్ని అనుమతులు పోగవుతాయి.

హెచ్‌ఆర్ రికార్డే మూలంగా ఉండి, అక్కడ విభాగం మారగానే గ్రూపు సభ్యత్వాలు మారిపోతే ఈ పోగు చాలావరకు తగ్గుతుంది. దీనికి 2015 సెప్టెంబరులో ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణ పత్రాలు) 7643, 7644 పేర్లతో వచ్చిన స్కిమ్ ప్రమాణం ఉంది. డైరెక్టరీలో మార్పు జరిగితే ఆ కబురు ప్రతి టూల్‌కూ అందుతుంది. సింగిల్ సైనాన్ (ఒకే లాగిన్‌తో అన్ని టూల్స్‌లోకీ వెళ్లే ఏర్పాటు) ఉంటే ఇదంతా అక్కర్లేదనుకోవడం పొరపాటు. సింగిల్ సైనాన్ లోపలికి వచ్చేటప్పుడు అడ్డుకుంటుంది, ముందే లోపలికి వచ్చి ఫోన్‌లో తెరిచి ఉన్న సెషన్‌ను అది ముట్టుకోదు. ఖాతా ఆగిన కబురు రాగానే సెషన్లు, టోకెన్లు అన్నీ కొట్టేసే పని ఆ టూలే చేసుకోవాలి. బాట్లు వ్యక్తి పేరు మీద కాకుండా సర్వీసు ఖాతా మీద నడవాలి, దానికి ఒక టీమ్ యజమానిగా ఉండాలి.

మూడు నెలలకోసారి జరిగే యాక్సెస్ సమీక్షల గురించి ఎక్కువ చెప్పాల్సిన పనిలేదు. మేనేజరు ముందు 200 వరుసల జాబితా పెడితే జరిగేది ఒక్కటే, "అన్నిటినీ ఆమోదించు". దానికంటే వాడకాన్ని బట్టి పోవడం నయం. 90 రోజులుగా ముట్టుకోని అనుమతి దానంతటదే నిద్రపోవాలి, మళ్లీ కావాలంటే ఒక్క క్లిక్కుతో లేవాలి. తేలిగ్గా తిరిగొస్తుందని తెలిస్తే పోయినందుకు ఎవరూ గొడవ చేయరు.

తెర మీద కనిపించాల్సినవి

సాల్ట్‌జర్, ష్రోడర్ సూత్రాల్లో చివరిది, అందరూ దాటేసేది ఒకటుంది: రక్షణ యంత్రాంగం వాడేవాడి మనసులోని బొమ్మకు సరిపోవాలి. షేర్ పెట్టెలో పేర్ల జాబితా ఒక్కటే చాలదు. ప్రతి పేరు పక్కనా కారణం ఉండాలి: "డిజైన్ టీమ్ గ్రూపు ద్వారా, ఉత్పత్తి ఫోల్డర్ నుంచి". "తీసేయి" అని నొక్కితే నిజంగా పోతుందో లేదో అక్కడే చెప్పాలి. నేరుగా ఇచ్చినది తీసేసినా గ్రూపు ద్వారా ఇంకా కనిపిస్తుంటే, ఆ మాట చెప్పకుండా పేరును జాబితాలోంచి మాయం చేయడం అబద్ధమే.

యాక్సెస్ లేనివారికి కనిపించే తెర కూడా డిజైనే. ఏమీ చెప్పకుండా తలుపు మూస్తే వాళ్లు తెలిసినవారిని అడిగి నకలు తెప్పించుకుంటారు. "యాక్సెస్ కోరండి" బటన్ పెడితే, ఎందుకు కావాలో ఒక్క వాక్యం రాయించుకుని పంపితే, ఇచ్చేవారికి నిర్ణయం తేలికవుతుంది, లాగ్‌లో కారణమూ మిగులుతుంది. ఆ అభ్యర్థన ఎవరికి వెళుతుందన్నది ముందే తేల్చుకోవాలి. చాలా టూల్స్‌లో అది ఫైలు ఓనరుకు వెళుతుంది. మొదట చెప్పుకున్న ఉద్యోగి తయారుచేసిన ఫైళ్లకు ఓనరు ఇప్పటికీ అతనే. వాటి కోసం ఎవరు ఎన్నిసార్లు బటన్ నొక్కినా అభ్యర్థనలన్నీ అతని పాత మెయిల్‌బాక్స్‌కు చేరి అక్కడే పడి ఉంటాయి. లాగిన్ ఆపే బటన్ నొక్కగానే "ఈయన ఓనరుగా ఉన్న ఫైళ్లు ఎవరికి బదిలీ చేయాలి?" అని అడిగి, జవాబు రాకపోతే ఆ స్పేస్ అడ్మిన్‌కు అప్పగించే ఏర్పాటు ఉంటే అవి సరైన చోటికే వెళ్లేవి.